ఏడు సాదా, ఏడు బుడిపె

వదిన చేతికి సూదులిస్తే స్వెటరు రాదు, చెక్క వస్తుంది. ఆవిడ కుట్టు అంత బిగువు. కొత్త కాపురంలో మొగుడికి ముచ్చటపడి ఒక మఫ్లరు అల్లితే, అది మెడకి చుట్టుకోనని మొండికేసింది. గోడకి ఆనిస్తే మాత్రం బుద్ధిగా నిలబడింది. ఆయన మంచివాడు కాబట్టి దాన్నే భుజాల మీద అడ్డంగా మోసుకుంటూ ఒక చలికాలమంతా ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. అదే వదిన చేతికి గళ్ళ కాగితమూ పెన్సిలూ ఇచ్చి చూడండి. అలలు, ఆకులు, పిట్టల బారులు, ఏది కావాలంటే అది గళ్ళలో కూర్చోబెట్టేస్తుంది. చంక దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలో, మెడ దగ్గర ఎక్కడ మలుపు తిప్పాలో మనిషిని చూడగానే ఆవిడకి తెలిసిపోతుంది.

మరదలి సంగతి దీనికి పూర్తిగా తల్లకిందులు. కాగితం చూస్తే ఆవిడకి ఆవులింత వస్తుంది. గళ్ళన్నీ చీమల్లా పాకుతున్నాయంటుంది. కానీ చెవిన పడ్డ అంకె నేరుగా వేళ్ళలోకి దిగిపోతుంది, దారిలో బుర్ర దగ్గర ఆగే అలవాటు దానికి లేదు. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకి సూది మొన చూపించి, అన్నగారింట్లోనే కిటికీ కింద ఒక పీట సంపాదించుకుని స్థిరపడిపోయిన మనిషి.

అందుకని ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. వదిన కుర్చీలో కూర్చుని కాగితం చూసి చదువుతుంది, మరదలు పీట మీద కూర్చుని అల్లుతుంది. చదవడమంటే ఉత్త అంకెలే. మొదటి అంకె సాదా కుట్లు, రెండోది బుడిపె కుట్లు, మళ్ళీ సాదా, మళ్ళీ బుడిపె. సాదా కుట్టు నున్నగా పడుకుని ఉంటుంది, బుడిపె కుట్టు పైకి లేచి వేలికి తగులుతుంది. ఎంత గొప్ప డిజైనైనా చివరికి ఈ రెండింటి కాపురమే. “మూడు, ఒకటి” అని వదిన అంటే మూడు సాదా, ఒక బుడిపె. ఒక్క అంకే అంటే అన్ని సాదా, అన్ని బుడిపె. ఆ ముక్కనే మరదలు చుట్టూ తిప్పుకుంటూ వెళ్ళి వరుస పూర్తి చేస్తుంది. అప్పుడు వదిన ఇంకో వరుస చదువుతుంది.

ఇందులో ఒక్కటే చిక్కు. చదువు నడుస్తున్నంతసేపూ వదిన నోట ఇంకో అంకె రాకూడదు. ఒకసారి గుమ్మంలో నిలబడ్డ పాలవాడితో “రేపట్నుంచి మూడు పాకెట్లు వెయ్యి” అన్నందుకు ఒక పిల్లాడి స్వెటరుకి వీపు మీద మూడు కుట్లు ఎక్కువయ్యాయి. అది తొడుక్కున్న ఆ పిల్లాడు ఒక పక్కకి వాలి నడిచేవాడు. అప్పట్నుంచి పాలవాడికి వదిన వేళ్ళు చూపించడమే.

ఇద్దరి గురించీ ఊళ్ళో నలుగురికీ తెలుసు. కానీ తెలియడంలో తేడా ఉంది. వదినని అందరూ ‘డిజైనరుగారు’ అంటారు. మరదలిని ఎవరైనా ‘ఈవిడెవరు’ అని అడిగితే వదిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, “ఈవిడా? ఈవిడ నా చేతులండీ!” అనేది. ముద్దుగానే అనేది. మరదలు నవ్వేది. ఆ నవ్వులో ఏముందో వదిన ఏనాడూ వెతకలేదు.

తగువు ఫోనుతో మొదలైంది.

మర్నాడు పొద్దున్నే షాపుకి ఒక నమూనా స్వెటరు వెళ్ళాలి. ఊలు దుకాణాల వీధిలో అన్నింటికంటే పెద్ద అద్దాల అర ఉన్న షాపు అది. అందులోకి తమ స్వెటరు ఎక్కాలని ఇద్దరికీ ఎప్పట్నుంచో ఆశ. నడుము నుంచి అల్లుకుంటూ వచ్చి గుండెల దాకా చేరారు. ఇక గుండె మీద పట్టీ, ఆపైన భుజాలు. పట్టీకి వదిన అలలు వేసింది. కాగితం చేతిలోకి తీసుకుందో లేదో, ఫోను మోగింది.

“డిజైనరుగారున్నారాండీ?” అంది అవతలి గొంతు.

“నేనే,” అంది వదిన, కాస్త గొంతు సవరించుకుని.

“మీరు పంపిన టోపీ మా మేనేజరుగారికి తెగ నచ్చేసిందండీ. మా మిల్లులో మీరెప్పుడు చేరతారో చెబితే గది కూడా చూసి పెడతాం. నాలుగు రోజులైంది మాట్లాడుకుని, మీ దగ్గర్నుంచి కబురు లేదు.”

వదిన ఏ టోపీ ఎవరికీ పంపలేదు. రెండు ముక్కలు మాట్లాడేసరికి తెలిసింది, వాళ్ళు అడుగుతున్న డిజైనరుగారు పీట మీద కూర్చుని ఉంది. మిగిలిపోయిన ఊలుతో, కాగితం లేకుండా, తన మనసుకి తోచినట్టు ఒక టోపీ అల్లి, రైల్లో రాత్రంతా కూర్చుంటే గానీ రాని ఊళ్ళో ఉన్న మిల్లుకి పంపింది. అక్కడ ఈవిడ అంకెలు చెబుతుంటే ఒకతను మిషను మీద నొక్కుతాడట.

వదిన ఫోను పెట్టేసి, కాగితం చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుంది. నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు దీపాలు పెట్టేవేళ దాకా మూతపడలేదు. మరదలూ తక్కువ తినలేదు. కోపం వస్తే ఆవిడ చేతులు మామూలు కంటే వేగంగా నడుస్తాయి, ఆ రోజు సూదుల చప్పుడు వీధిలోకి వినపడింది. ఎవరు ఎవర్ని ఏమన్నారో ఇప్పుడు చెప్పను. చెప్పాల్సిన వేళకి స్వెటరే చెబుతుంది.

తర్వాత మాటలు బంద్. మరదలు భుజాలు, మెడ తనంతట తానే ముగించి, కోపంలో కన్నెత్తి చూడకుండానే స్వెటరు మడతపెట్టి షాపుకి పంపేసింది. వదిన దాని మొహం కూడా చూడలేదు. అటక మీద పెట్టె కిందికి దిగి మరదలి మంచం పక్కన కూర్చుంది. వారం తిరిగేలోగా మిల్లుకి అవునో కాదో చెప్పాలి.

ఇంటాయన మధ్యలో నలిగిపోయాడు. ఆయన ఒక పత్రికాఫీసులో ప్రూఫురీడరు. ఇంట్లో రెండు దేశాల మధ్య రాయబారం కూడా ఆయనదే అయింది. “మీ చెల్లెలికి చెప్పండి, పెట్టెలో బట్టలు సర్దుకునేవాళ్ళు నా దువ్వెన తీసుకెళ్ళక్కర్లేదని,” అని వదిన అంటే, ఆయన పక్క గదిలోకి వెళ్ళి, “మీ వదిన దువ్వెన కనపడ్డంలేదట,” అని దిద్ది చెప్పేవాడు. పుట్టిన దగ్గర్నుంచీ తప్పులు దిద్దుతున్న మనిషికి ఇదొక లెక్క కాదు.

అంతలో షాపావిడ ఇద్దర్నీ రమ్మని కబురు పెట్టింది.

షాపావిడ పొగడ్త విషయంలో మహా పిసినారి. ఇన్నేళ్ళలో ఆవిడ నోటి నుంచి వదిన రాబట్టిన అతి పెద్ద మాట ‘పర్లేదు’. అలాంటిది, స్వెటరుని బల్ల మీద పరిచి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

“ఈ గుండె మీద పట్టీ ఉంది చూశారూ,” అంది. “ఏదో జరుగుతోందండీ ఇందులో. సన్నగా మొదలైంది. తర్వాత ఒకదాని మీదొకటి పడిపోతున్నాయి. ఉన్నట్టుండి ఇక్కడ ఒక్క బుడిపె లేదు, అంతా నిశ్శబ్దం. చిట్టచివర ఈ గళ్ళు. ఈ గళ్ళు చూస్తే నాకెందుకో మా అక్క గుర్తొచ్చింది. అసలెలా వచ్చిందండీ మీకీ ఆలోచన?”

వదిన స్వెటరు వంక చూసింది. అలలు లేవు. అలల చుట్టం కూడా లేదు. ఇది ఎవరి డిజైనో ఆవిడకి తెలియదు. కానీ షాపావిడ కళ్ళలో నీటి పొర కనపడుతుంటే ‘పొరపాటున వచ్చిందండీ’ అనడానికి నోరు రాలేదు.

“గాలి...” అంది వదిన.

“నీళ్ళు...” అంది మరదలు, అదే క్షణంలో.

“గాలీ నీళ్ళూ! అనుకున్నాను,” అంది షాపావిడ. “ఇదే పట్టీతో చిన్న, మధ్య, పెద్ద మూడు సైజులూ కావాలి. టోపీ, మఫ్లరు, చేతి తొడుగులు కూడా. చలికాలమంతా అద్దాల అరలోనే. ఒక్కో దానికి చిన్న అట్టముక్క గుచ్చుతాను, దాని మీద ఈ డిజైను కథ మీరే రాసివ్వాలి.”

షాపు మెట్లు దిగాక, మాటలు బంద్ అయిన తర్వాత మొట్టమొదటి మాట వదినే మాట్లాడింది. “ఏమిటే అది?”

“నువ్వు చదివిందే.”

“నేను చదివినవి అలలు.”

“ఆ కాగితం నువ్వెక్కడ చూశావు వదినా? ఆ పూట నువ్వు చదివినవి చీవాట్లు,” అంది మరదలు. “నేను అలలే అల్లాననుకున్నాను. ఇప్పుడు చూస్తే గానీ నాకూ తెలీలేదు.”

వదిన వీధి మధ్యలో నిలబడిపోయింది. పాలవాడి మూడు పాకెట్లు ఆవిడకి గుర్తొచ్చాయి.

ఇక్కడొక మాట చెప్పాలి. ఒక స్వెటరుని చూసి అచ్చం అలాంటిదే దింపడం పెద్ద పని కాదు. కానీ సైజు పెంచాలంటే, టోపీకి కుదించాలంటే, ఏ అంకె ఎందుకు పడిందో తెలియాలి. ఎక్కడ సాగదీస్తే చెడదో, ఏది ముట్టుకోకూడదో తెలియాలి. ఆ డిజైనుకి మూలం ఆ తగువే. కాబట్టి ఆ తగువుని మొదటి నుంచీ మాటకి మాట గుర్తు చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఇద్దరూ భోజనాల బల్ల మీద స్వెటరు పరిచి చెరో పక్కన కూర్చున్నారు. ఇంటాయన గుమ్మం దగ్గర కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

“మీరు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారుగా. ఏమేం విన్నారు?” అంది వదిన.

“నేను సంపాదకీయం చదువుకుంటున్నాను,” అన్నాడాయన.

మరదలు మొదటి వరుస మీద వేలు పెట్టింది. “ఒకటి సాదా, నాలుగు బుడిపెలు. ‘నాతో ఒక్క మాట చెప్పావా, నాలుగు రోజుల నుంచి కడుపులో పెట్టుకు తిరుగుతున్నావు’ అన్నావు.”

“అన్నాను. అది తిట్టు కాదు, ప్రశ్న.”

“తర్వాతది రెండు.”

“‘రెండు నిమిషాలు ఆగు, ఆలోచించుకుందాం’ అన్నాను,” అంది వదిన, మర్యాదగా.

పేపరు వెనక చిన్న దగ్గు వినపడింది. “నాలుకలు,” అంది పేపరు.

“ఏమిటీ?”

“‘రెండు నాలుకల దానివి’. నిమిషాల ప్రస్తావన లేదు.” తప్పు పాఠం చెవిన పడితే ఊరుకోవడం ఆ మనిషి వల్ల అయ్యే పని కాదు.

వదిన ఆయన వైపు కొరకొరా చూసింది. మరదలు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుని తర్వాతి వరుసకి వెళ్ళింది. “పదహారు సాదా.”

“పదహారు... నీ పదహారో ఏట నుంచీ నిన్ను చూస్తున్నాను, అని ఏదో ప్రేమగా...”

“‘పదహారణాల దొంగవి’,” అన్నాడాయన. “తర్వాత ఆశ్చర్యార్థకం.”

“మూడు,” అంది మరదలు. “ఇది నాకు బాగా గుర్తు. ‘మూడు పూటలా వండి పెడుతుంటే ఇదా నువ్వు చేసేది’ అన్నావు. ఆ నెలంతా వండింది నేను వదినా!”

“కోపంలో వంట ఎవరు చేశారో ఎవరికి గుర్తుంటుందే?” అంది వదిన. కానీ గొంతులో పస తగ్గింది.

తర్వాతిది షాపావిడ మెచ్చుకున్న నిశ్శబ్దం. చుట్టూ నున్నగా, ఒక్క బుడిపె లేకుండా ఉన్న వరుస. మరదలు కుట్లు లెక్కపెట్టబోయి మానేసింది. “ఇది నూరు. నూరు సాదా పడేసరికి చుట్టే అయిపోయింది. ‘నూటికి నూరుపాళ్ళూ మీ అన్నయ్య పోలికే’ అన్నావు.”

పేపరు కిందికి దిగింది. “ఆ వరుస నేను కావాలనే దిద్దలేదు,” అన్నాడు ఇంటాయన చిన్నబుచ్చుకుని, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

వదిన స్వెటరుని తన వైపుకి లాక్కుంది. “ఇదేం న్యాయమే? నేనన్నవన్నీ ఇందులో శిలాశాసనంలా ఉన్నాయి. నువ్వన్నవి ఒక్కటీ లేవు. చూసినవాళ్ళు నేనొక్కదాన్నే గయ్యాళిననుకుంటారు.”

“నా చేతులు నా మాట వినవుగా, నీ మాటే వింటాయి,” అంది మరదలు. నవ్వుతూనే మొదలుపెట్టింది, మధ్యలో నవ్వు జారిపోయింది. “నేనన్నది ఒక్కటే వదినా. నన్ను నువ్వు మనిషి అనవు, చేతులంటావు. పదిమందిలో అంటావు.”

“ముద్దుగా అంటానే!”

“ముద్దుగానే. కానీ చేతులకి ఎవరూ ఫోను చేసి డిజైనరుగారున్నారా అనరు. ఆ మిల్లువాళ్ళు అన్నారు. ఆ మాట రెండోసారి వినాలనిపించి నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. అదీ నా దొంగతనం.”

వదినకి ఫోనులో తను గొంతు సవరించుకుని ‘నేనే’ అనడం గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. తప్పు చేశానని ఆవిడకి అప్పుడు తెలిసింది, అది ఆ ఒక్కరోజు తప్పు కాదని కూడా తెలిసింది. స్వెటరు మీద లేని నూలుపోగు ఏరుతూ కూర్చుంది.

“ఇంక ఈ గళ్ళు మిగిలాయి,” అంది మరదలు, మాట మారుస్తూ. “మూడు వరుసలు. ఏడు సాదా, ఏడు బుడిపె. మళ్ళీ ఏడు. మళ్ళీ ఏడు.”

“అవి అలలవి. కాగితంలో ఉన్నాయి,” అంది వదిన గబుక్కున.

మరదలు లేచి కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఏడు ఎక్కడా లేదు.

“నాకు తెలుసులే,” అంది మరదలు. “‘ఏడు, కూర్చుని ఏడు’ అన్నావు నన్ను. నేను ఏడవలేదు కాబట్టి మూడుసార్లు అనాల్సి వచ్చింది. పర్లేదు, కోపంలో అన్నవి.” పర్లేదు అంది గానీ, మిగతా తిట్లన్నీ నవ్వుతూ చదివిన మనిషి ఆ ఏడు దగ్గర తలెత్తలేదు.

వదిన లేచింది. తుడుపుగుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న కిటికీ తుడవడం మొదలుపెట్టింది.

ఇంటాయన పేపరు మడిచాడు. నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

“‘ఏడు’ అని ఆవిడ అనలేదమ్మా,” అన్నాడు చెల్లెలితో. “నీ చేతులు అల్లికలో గట్టివే గానీ, వాటికి ప్రూఫులు చూడ్డం రాదు. పదాన్ని మధ్యలో తెగ్గొట్టేశాయి. పూర్తి పాఠం నేను చెబుతాను. ‘నువ్వెళ్తే నేనేం చేస్తాను, ఏడుస్తాను. ఇక్కడే కూర్చుని ఏడుస్తాను. ఎవరికీ కనపడకుండా ఏడుస్తాను.’ గోడ వైపు తిరిగి అంది. మెల్లిగా అంది.”

కిటికీ మీద గుడ్డ ఆగిపోయింది.

మరదలు స్వెటరు మీది గళ్ళ మీద అరచెయ్యి పెట్టింది. కోపంతో ఆ రోజు చెవులు మూసుకుపోయాయి, ఈ మాట ఆవిడ పూర్తిగా వినలేదు. చేతులు మాత్రం విన్నాయి. విని, ఒక్క కుట్టు తప్పకుండా గుండె మీద పెట్టి, ఇన్ని రోజులూ ఆవిడతో చెప్పకుండా ఊరుకున్నాయి.

“ఇదేదో ఆ రోజే గట్టిగా అని ఉండొచ్చుగా వదినా.”

“గట్టిగా అనాలని నోరు తెరిస్తే తిట్లే వచ్చాయే,” అంది వదిన, వెనక్కి తిరక్కుండా. “నువ్వు లేకపోతే నా కాగితాలు దేనికి పనికొస్తాయి? పొట్లాలు కట్టుకోవడానికి. పోనీ కాగితాల సంగతి కాదు. ఆ పీట ఖాళీగా ఉంటే నేను చూడలేను.”

మరదలు ముక్కు ఎగబీల్చింది. లేచి ఫోను దగ్గరికి వెళ్ళి మిల్లు నంబరు తిప్పింది.

“నేనేనండీ, టోపీ పంపినావిడని. రాలేనండీ. లేదు లేదు, జీతం సంగతి కాదు. ఇక్కడ మా షాపుకి పెద్ద ఆర్డరొచ్చింది. డిజైనరు లేకపోతే కుదరదు.”

డిజైనరు అన్న మాట వినగానే వదిన అలవాటు కొద్దీ అటు తిరిగి, గొంతు సవరించుకుంది. అంతలోనే నోరు మూసుకుని, మళ్ళీ కిటికీ తుడుచుకుంది.

ఆ సాయంత్రం పని చకచకా నడిచింది. ఏ అంకె వెనక ఏ మాట ఉందో తెలిశాక డిజైను దానంతట అదే విప్పుకుంది. పెద్ద సైజుకి నాలుగు రోజులని ఆరు రోజులు చేద్దామంది వదిన. అంతకాలం నేను దాచలేదని మరదలు ఒప్పుకోలేదు. పెద్ద సైజు మనిషికి కోపం కూడా పెద్దదే ఉంటుందని సర్దిచెప్పాల్సి వచ్చింది. పిల్లల టోపీలో పదహారణాల దొంగ వద్దనుకున్నారు. చేతి తొడుగుల్లో ఎడమది వదిన మాటలతో, కుడిది మరదలి మాటలతో అల్లాలని తీర్మానించారు, అప్పుడు గానీ తూకం సరిపోలేదు. నూరు మాత్రం ఏ సైజులోనూ ముట్టుకోకూడదన్నాడు ఇంటాయన, తనకి అందులో వాటా ఉందని.

అట్టముక్క మీద రాత కూడా ఆయన చేతుల మీదే జరిగింది. గాలీ నీళ్ళూ కొట్టేశాడు. ‘ఇది ఇద్దరు పడ్డ తగువు, ఇద్దరూ కలిసి అల్లింది. రూపకల్పన: వదినా మరదళ్ళు’ అని రాసి, రెండుసార్లు తప్పులు చూసుకుని సంతృప్తి పడ్డాడు.

పెద్ద సైజు మొదలైంది. వదిన కుర్చీలో, మరదలు పీట మీద. కొత్త కాగితం మీద అంకెలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒకటి, ఆరు. రెండు. పదహారు. మూడు. నూరు. వదిన ఒక్కోటి చదువుతూ చివరికి వచ్చి ఆగింది.

“ఏడు,” అంది. కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది.

మరదలు తలెత్తకుండానే అడిగింది. “కుట్లా వదినా, కన్నీళ్ళా?”

“రెండూ,” అంది వదిన.

మరదలి చేతులు టకటకా రెండు కుట్లు వేసేశాయి. పేపరు వెనక మనిషి ఆ తప్పు చూశాడు. చూసి, దిద్దకుండా వదిలేశాడు.